థెమెలీనా చేతిరాత

అరవై ఎనిమిదేళ్ళ తన తల్లి బడికి పోతోందన్న సంగతి సకెల్లారిస్‌కు కాఫీ కొట్టులో తెలిసింది.

"ఏమోయ్, మీ అమ్మ ఒకటో క్లాసు పాసైందా?" అని పడవల వడ్రంగి పాచికలు గలగలలాడిస్తూ అడిగాడు. కొట్టంతా గొల్లుమంది.

"ఫెయిలైనా ఫరవాలేదు. మా మనవరాలి పక్కన కూచోబెట్టమను, చూసి రాసుకుంటుంది" అన్నాడు ఇంకొకడు.

సకెల్లారిస్ నవ్వలేదు. కాఫీ సగంలో వదిలేసి లేచాడు. ఇంట్లో మనిషి సంగతి పదిమంది నోట వినాల్సి రావడం అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆర్గినా గ్రీసులో ఒక చిన్న దీవి. కలిమ్నోస్ రేవుకు పడవలో గంటన్నర. అదీ సముద్రం మాట వింటేనే. ఒకప్పుడు ఈస్టర్ పండగ ముగియగానే మగవాళ్ళంతా సముద్రం అడుగున పెరిగే స్పాంజిని మునిగి తేవడానికి ఆఫ్రికా తీరానికి పడవలెక్కేవారు. చలి మొదలయ్యేసరికి, తిరిగొచ్చే రాత ఉన్నవాళ్ళు తిరిగొచ్చేవారు. తెచ్చిన స్పాంజిని కడిగి, ఆరబెట్టి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించే పని ఆడవాళ్ళది. ఆ పని జరిగే గోదాము సకెల్లారిస్ తాత కట్టింది. తాత పేరూ సకెల్లారిస్సే. తండ్రి పోయి ఇరవై ఏళ్ళయింది. అప్పట్నుంచి గోదామును నడిపింది తల్లి థెమెలీనా. స్పాంజిని గుప్పిట్లో నొక్కి వదిలి, అది ఏ తీరంలో ఎంత లోతున పెరిగిందో చెప్పేది. ఏథెన్స్ వ్యాపారులు ఆమె ఎదుట నోరు జాగ్రత్తగా విప్పేవారు. అంతటి మనిషీ కాగితం ముందుకొచ్చేసరికి సంతకం బదులు ఒక శిలువ గీసి ఊరుకునేది.

ఆ డిసెంబరు సాయంత్రం నాలుగింటికి సకెల్లారిస్ బడి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నల్ల బట్టల్లో తల్లి పిల్లల బల్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిప్పుకుంది. నాలుక పెదాల మధ్య పెట్టుకుని, పెన్సిల్‌ను కత్తెర పట్టినట్టు పట్టుకుని రాస్తోంది. పక్కనే టీచరు స్తమాతియా. పాతికేళ్ళ పిల్ల, రోడ్స్ దీవి నుంచి వచ్చి రెండేళ్ళయింది.

"ఇది ఆ 'ఇ' కాదు పెద్దమ్మా. ఇక్కడ ఇంకో 'ఇ' పడాలి."

"మళ్ళీ ఇంకోటా? మన భాషలో ఒక్క 'ఇ' శబ్దానికి ఇన్ని అక్షరాలెందుకే తల్లీ? పనీపాటా లేనివాళ్ళు కనిపెట్టినట్టున్నారు."

"నేను కనిపెట్టలేదు పెద్దమ్మా, నన్ను తిట్టకు."

ఇంటికి పోయే దారిలో సకెల్లారిస్ తల్లిని నిలదీశాడు. "ఊరంతా నవ్వుతోంది. ఈ వయసులో నీకీ చదువేంటమ్మా?"

"వీలునామా రాయాలి" అంది ఆమె, రోజూ రొట్టె కొనే సంగతి చెప్పినట్టు.

"దానికి నోటరీ ఉన్నాడుగా!"

"నోటరీ ఎదుట ముగ్గురు సాక్షులు కూచోవాలి. ఈ దీవిలో ముగ్గురికి తెలిస్తే మూడొందల మందికి తెలిసినట్టే. సొంతంగా రాసుకున్నా చెల్లుతుందట. కానీ మొదటి అక్షరం నించి చివరి అక్షరం దాకా మన చేత్తోనే రాయాలట. సంతకం ఒక్కటే చాలదన్నాడు లాయరు."

"ఏం రాస్తావు?"

"నీకూ చెల్లికీ చట్టం ప్రకారం రావాల్సింది మీకొస్తుంది. మిగతాదాంట్లో ఊరికి ఏదైనా చెయ్యాలి కదా. గంటస్తంభానికి గడియారం పెట్టిద్దామనుకుంటున్నా."

సకెల్లారిస్ మనసు తేలికపడింది. ఆర్గినాలో నాలుగు రాళ్ళున్న ప్రతివాడూ పోతూ పోతూ ఊరికి ఏదో ఒకటి ఇచ్చే పోతాడు. ఒకరు దీపాల గుత్తి, ఒకరు రేవు మెట్లు. ఎందుకంటే దేవుడి కోసమంటారు, పాపభయమంటారు, పక్కింటివాడు ఇచ్చాడు గనక అని మాత్రం ఎవరూ అనరు. తాత గంటస్తంభం ఇచ్చాడు. దాని పాలరాతి పలక మీద 'సకెల్లారిస్' అని బంగారు అక్షరాలున్నాయి. చిన్నప్పుడు అది తన పేరే అనుకుని ఛాతీ విరుచుకుని దాని కిందుగా నడిచేవాడు. నలభై అయిదేళ్ళు వచ్చినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. స్తంభం మీద ఇప్పుడు గడియారం కూడా పడితే ఊరంతా తమ ఇంటి టైము ప్రకారమే లేస్తుందన్నమాట. మరుసటి వారమే థెస్సలోనికిలోని గడియారాల కార్ఖానాకు ఉత్తరం రాశాడు.

కార్ఖానావాళ్ళు బొమ్మల పుస్తకం పంపారు. దాన్ని పట్టుకుని మే నెలలో ఒక మధ్యాహ్నం తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమె పెరట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక పాత కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది.

అదేమిటో అతనికి తెలుసు. ఆమె తండ్రి లిబియా తీరం నుంచి రాసిన ఒకే ఒక్క ఉత్తరం. ఆ వేసవే ఆయన లోతు నీళ్ళలోంచి మరీ వేగంగా పైకొచ్చి, నడుము కింద చచ్చుబడి, అక్కడే ఇసుకలో పూడ్చబడ్డాడు. ఉత్తరం ఎప్పుడూ దేవుడి పటం వెనక ఉండేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. 'ఒకసారి చదివారు, నాకు కంఠతా వచ్చు, ఇంకెందుకు' అనేది.

"కూచో. ఇది పైకి చదువు" అంది థెమెలీనా.

"ఇప్పుడెందుకమ్మా?"

"చదవరా."

అతను చదవసాగాడు. ఆమె కళ్ళు మూసుకుని అతనితో పాటు గొంతు కలిపింది. ఒక్క మాట తడబడలేదు.

"నా భార్య సెవస్తీకి. నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నీళ్ళు మంచివే, గాలి మంచిది కాదు. మొన్న ఇరవై నిలువుల లోతు దిగాను. ఎడమ కాలు కొంచెం మొద్దుబారింది, తగ్గిపోతుంది. మేకను అమ్మొద్దు. వానలకు ముందే పైకప్పుకు మట్టి వేయించు. థెమెలీనాను సెప్టెంబరులో బడిలో వెయ్యి. నేనొచ్చాక దాని చేత ఈ ఉత్తరం చదివించుకుంటాను..."

సకెల్లారిస్ ఆగాడు. చివరి రెండు వాక్యాలూ అతనొక్కడే చదివాడు. తల్లి పెదాలు కదల్లేదు.

"తర్వాత?" అంది ఆమె.

"యజమానిగారికి నా నమస్కారాలు చెప్పు" అని చదివాడు. ఆ వాక్యానికి ఆమె గొంతు మళ్ళీ కలిసింది.



"ఆ బడి మాట" అంది థెమెలీనా, "నేను మొదటిసారి ఫిబ్రవరిలో చూశా. పిల్లలకు జ్వరాలొచ్చి టీచరమ్మ బడి మూసేసింది. తోచక ఇది తీశా. వేలు పెట్టి చదువుకుంటూ పోతున్నా, నోటికి వచ్చిందే కదా, గబగబా నడుస్తోంది. పైకప్పు మాట అయ్యాక యజమాని మాట రావాలి. రాలేదు. వేలి కింద నా పేరుంది."

"ఉత్తరం వచ్చినప్పుడు మీకు చదివి వినిపించిందెవరమ్మా?" అని అడిగాడు. అడుగుతుండగానే అతనికి జవాబు తెలిసిపోయింది.

"ఆ యజమానే. మీ తాత. గోదాము వాకిట్లో. మా అమ్మ తలగుడ్డ కొస నోట్లో పెట్టుకుని నిలబడింది. నేను స్పాంజి కుప్ప మీద కూచుని విన్నా. మా నాన్న ఆగస్టులో పోయాడు. సెప్టెంబరులో మీ తాతే వచ్చి, 'పిల్లను పంపు సెవస్తీ, కత్తెర పట్టడం నేర్పుతాం' అని తీసుకుపోయాడు. నాకు ఎనిమిదేళ్ళు. నాతోపాటు పదకొండుమంది ఆడపిల్లలు."

"తాత కంటికి ఆనలేదేమో."

"ఆనలేదేమో. పై వాక్యం ఆనింది, కింది వాక్యం ఆనింది. మధ్యదే ఆనలేదు."

సకెల్లారిస్ తల దించుకున్నాడు. "మరి ఆ ఇంటికే కోడలిగా ఎట్లా వచ్చావు?" అన్నాడు.

"నాకు తెలీదు కదరా. మీ నాన్న బంగారం లాంటివాడు."

"తెలిసుంటే?"

"తెలిసుంటే నువ్వు పుట్టేవాడివి కాదు. అందుకని అడక్కు."

ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. బొమ్మల పుస్తకం మోకాలి మీద అట్లాగే ఉంది.

"గడియారం వద్దు" అంది ఆమె. "కలిమ్నోస్ రేవులో మన ఇల్లు ఆడపిల్లలకు రాస్తున్నా. మన దీవిలో బడి ఆరో తరగతితో సరి. ఆపైన చదవాలంటే కలిమ్నోస్ పోవాలి. గాలి లేస్తే వారాల తరబడి పడవ తిరగదు. మగపిల్లలైతే ఎక్కడో ఒకచోట తలదాచుకుంటారు. ఆడపిల్లను ఎవరి ఇంట్లో పెడతారు? అందుకే మాన్పిస్తారు. ఈ రెండేళ్ళలో నలుగురు మానేశారని స్తమాతియా చెప్పింది. వాళ్ళు ఆ ఇంట్లో ఉండి చదువుకుంటారు."

కలిమ్నోస్ రేవులో రెండంతస్తుల ఆ ఇల్లు వాళ్ళ ఆస్తిలోకెల్లా మంచిది. కిటికీ తీస్తే పడవలు. వేసవిలో వచ్చే విదేశీయులకు గదులు అద్దెకివ్వాలని సకెల్లారిస్ మూడేళ్ళుగా అనుకుంటున్నాడు. స్పాంజికి తెగులొచ్చి వ్యాపారం దెబ్బతిన్నాక ఆ ఇంటి మీదే ఆశ పెట్టుకున్నాడు. అతని ముఖం ఎర్రబడింది.

"బాగుంది! అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో మామ సొమ్ము కోడలు దానం చేస్తోంది!"

థెమెలీనా రెండు చేతులూ అతని ముందు చాపింది. కత్తెర పిడి ఒరుసుకుని కుడి బొటనవేలు ఏనాడో వంకరపోయింది. స్పాంజిని తెల్లబరిచే మందుకు గోళ్ళు పసుపు తిరిగాయి.

"ఇందులో మీ తాత సొమ్ము ఏదో చూపించు" అంది. "దానం అని నేనన్నానా? ఆ ఇల్లు పదకొండుమంది పిల్లల చేతుల కష్టంతో కట్టింది. నాతో కలిపితే పన్నెండు. ఎవరిది వాళ్ళకిస్తుంటే దానమేంట్రా?"

"ఇస్తే ఇచ్చావు, తాత పేరెందుకు బజారున పడెయ్యడం?"

"ఆయన పేరు గంటస్తంభం మీద ఉంది. నేను గీకెయ్యబోవడంలేదు. గంట మంచిగానే మోగుతుంది."

అతను తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు. పక్క దీవి కోస్‌లో కాపురముంటున్న చెల్లెలు నోమికికి ఫోను చేసి గోడు చెప్పుకుందామనుకుంటే, ఆమె "అమ్మ ఇష్టం అన్నయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. రెండు నెలలు తల్లి గడప తొక్కలేదు. భార్య క్రిసాంథి రోజూ అత్తగారికి కూర గిన్నె పట్టుకుపోతూ, "ఏమన్నా చెప్పమంటారా, లేక మీరూ ఉత్తరం రాస్తారా? ఇప్పుడావిడకి చదవడం వచ్చు" అని సాధించేది.

తల్లి చెప్పింది నిజమేనా అన్న అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు. నిజం కాకపోతే బాగుండునని లోపల కోరిక. ఆ పదకొండుమందిలో బతికున్నది ఒక్క కలోతీనా. లైట్‌హౌస్ కింద ఒంటిగదిలో ఉంటుంది. జులైలో ఒకరోజు ఒక బుట్టెడు అంజూరపళ్ళు పట్టుకుని అక్కడికి వెళ్ళాడు.

"మా తాత ఎట్లాంటివాడు అత్తా?" అని అడిగాడు.

"చెడ్డవాడు కాడు నాయనా" అంది కలోతీనా, పండు ఒలుచుకుంటూ. "క్రిస్మస్‌కి తలా ఒక ఎండుద్రాక్ష రొట్టె ఇచ్చేవాడు. చెయ్యి తెగితే తనే కట్టు కట్టేవాడు. ఒకసారి నేను, మూటల మీద ఏదో రాస్తావు కదయ్యా, నా పేరు రాయడం నేర్పవా అనడిగా. 'మీ చేతులు కత్తెరకోసం పుట్టాయమ్మా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అందరం నవ్వాం."

ఆమె పండు నమిలి మింగింది. "అవునుగానీ, మీ అమ్మ పేరు రాసేస్తోందటగా? నాది ఎట్లా ఉంటుందో రాసి చూపించమని చెప్పు."

సకెల్లారిస్ జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, వెనకవైపు పెద్ద పెద్ద అక్షరాలతో 'కలోతీనా' అని రాసిచ్చాడు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అతను తలకిందులుగా ఉన్నదాన్ని సరిచేసి పట్టుకోబెట్టాడు.

"ఇంత పొడుగా నా పేరు?" అంది. డెబ్భై ఏళ్ళ ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. "ఇంత పొడుగుంటుందని నాకెవరూ చెప్పలేదే!"

సకెల్లారిస్ మిగిలిన సిగరెట్లు జేబులో పోసుకుని, పెట్టె ఆమెకే వదిలి వచ్చాడు.

నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమె బల్ల మీద కాగితాలు పరుచుకుని రాస్తోంది. చుట్టూ చింపేసిన కాగితాలు.

"ఆ ఇంట్లో స్నానాలగది ఒక్కటే ఉంది" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి. "పన్నెండుమంది ఆడపిల్లలు పొద్దున్నే బడికి తయారవ్వాలంటే తన్నుకు చస్తారు. దాని సంగతి రాశావా?"

థెమెలీనా తల ఎత్తలేదు. "స్నానాలగది రాయడం ఇంకా రాలేదు. అందుకే వదిలేశా."

"అయితే వదిలెయ్. అది నేను కట్టిస్తాను."

అప్పుడామె తల ఎత్తి కొడుకును చూసింది. "పొయ్యి మీద చిక్కుడుకాయలున్నాయి, తిను" అంది.

వీలునామా పూర్తయ్యేసరికి నవంబరు వచ్చింది. ఎవరైనా ఒక్క అక్షరం దిద్దినా చెల్లదేమోనని కొడుకునీ టీచరునీ కూడా దగ్గరికి రానివ్వలేదు. మూడు పేజీలు. ఎన్ని చింపిందో లెక్కలేదు. కవరు అంటించిన రోజున కాఫీ కొట్టు ముందుగా పోతూ లోపలికి తల పెట్టి, "పాసయ్యానర్రా!" అని కేకేసింది. పడవల వడ్రంగి లేచి నిలబడి టోపీ తీశాడు.

నాలుగేళ్ళ తర్వాత, ఈస్టర్ ముందు ఉపవాసపు రోజుల్లో థెమెలీనా పోయింది. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. గంటస్తంభం మీద గంట రోజంతా మోగింది.

వీలునామాను కోస్ కోర్టులో తెరిచారు. సకెల్లారిస్, క్రిసాంథి, నోమికి, స్తమాతియా ముందు బెంచీలో కూర్చున్నారు. గుమాస్తా కళ్ళద్దాలు సవరించుకుని కాగితం చూసి పెదవి విరిచాడు. "స్పెల్లింగు తప్పులు చాలా ఉన్నాయండీ. నకలులో దిద్దేస్తే..."

"దిద్దొద్దు" అన్నాడు సకెల్లారిస్. "మా అమ్మ రాసింది. రాసింది రాసినట్టు ఉండాలి."

జడ్జి తలూపాడు. గుమాస్తా చదివాడు.

"నేను, థెమెలీనా, దీన్ని నా చేత్తో రాస్తున్నాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. గోదాము, దీవిలో ఇల్లు, ఆలివ్ తోట నా పిల్లలిద్దరివి. వాళ్ళు మంచి పిల్లలు. కొడుక్కి కోపం ఎక్కువ, ఎక్కువసేపు ఉండదు. కలిమ్నోస్ రేవులోని ఇల్లు ఆర్గినా ఆడపిల్లలది. చదువు అయ్యేదాకా అందులో ఉండాలి, ఎవరూ అద్దె అడగకూడదు. ఫాదర్‌గారూ, బడి టీచరూ, నా కొడుకూ కలిసి చూసుకోవాలి. ఇది నా పుణ్యం కోసం కాదు. ఇది చేతులు కట్టిన ఇల్లు. పలక మీద నా పేరు వద్దు. ఎవరి చేతులో కింద రాస్తున్నాను."

గుమాస్తా ఆగి పేజీ తిప్పాడు. "ఇక్కణ్ణించి ఉత్త పేర్ల పట్టీ అండీ. చదివినట్టే అనుకుందాం" అన్నాడు.

సకెల్లారిస్ లేచి నిలబడ్డాడు. కోర్టులో అడక్కుండా లేవకూడదని అతనికి తెలుసు.

"చదవండి" అన్నాడు. "ఒక్కటి కూడా వదలొద్దు. అన్నీ చదవండి."

జడ్జి అతని ముఖం చూసి, గుమాస్తా వైపు చెయ్యి ఊపాడు. గుమాస్తా పదకొండు పేర్లూ చదివాడు. చాలామంది సమాధుల మీద కూడా ఆ పేర్లు సరిగ్గా లేవు. కోర్టులో వినబడ్డాయి. చదువుతున్నంతసేపూ సకెల్లారిస్ నిలబడే ఉన్నాడు. అతని పక్కన నోమికి లేచింది, క్రిసాంథి లేచింది, స్తమాతియా లేచింది. చివరికి సంబంధంలేని దావాల కోసం వెనక కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు కూడా, ఏదో గౌరవించాల్సిన విషయమే అయ్యుంటుందని లేచి నిలబడ్డారు. కళ్ళు చెమర్చినా అతని మెడ మాత్రం వంగలేదు. ఇలాంటి తల్లికి పుట్టానని అరిచి చెప్పాలనిపించింది. కోర్టు గనక ఊరుకున్నాడు.

ఆ వేసవంతా రేవులోని ఇంట్లో సుత్తి చప్పుడే. స్నానాలగదులు రెండు కట్టించాడు. అద్దెకు గదులు కావాలని ఇద్దరు విదేశీయులు వచ్చి అడిగితే క్రిసాంథి వాళ్ళ చేతిలో సున్నం బ్రష్షులు పెట్టింది. పాపం, వాళ్ళు మధ్యాహ్నం దాకా గోడలకు రంగువేసి, చేపలకూర తిని, నవ్వుకుంటూ పోయారు.

సెప్టెంబరు రెండోవారంలో ఆర్గినా పడవ ఏడుగురు ఆడపిల్లల్ని దింపింది. ఒకరి చేతిలో దుప్పటి, ఒకరి చేతిలో జున్ను ముద్ద. ఒకమ్మాయి కోడిని కూడా తెచ్చింది, వాళ్ళమ్మ ఇవ్వమందట. స్తమాతియా వాళ్ళను వరసలో నిలబెట్టడానికి గొంతు చించుకుంటోంది. సకెల్లారిస్ ఒక పరుపు తల మీద పెట్టుకుని, ఇంకోటి చంకన పెట్టుకుని వాళ్ళకు ముందు నడిచాడు.

రేవులో అతన్ని ఎరిగిన స్పాంజి వ్యాపారి ఒకడు దుకాణం ముందునుంచి పిలిచాడు. "ఏంటయ్యా సకెల్లారిస్, కూలికి కుదిరావా?"

పరుపు కింద నుంచి సకెల్లారిస్ గట్టిగా, దారిన పోయేవాళ్ళందరికీ వినబడేలా జవాబిచ్చాడు.

"అవునయ్యా, కుదిరాను. మా అమ్మ దగ్గర!"